కాపలా అక్కర్లేని గేట్లు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సెప్టెంబర్ 15 దగ్గర పడగానే మన బడుల్లో ఇంజనీర్స్ డే సందడి మొదలవుతుంది. ఎవరో ఒక బాబు మైసూరు తలపాగా చుట్టుకుని, నల్లకోటు తొడుక్కుని వేదిక ఎక్కుతాడు. ప్రభుత్వ పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి ఇంకో కొవ్వొత్తి అన్న కథ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు. ఆ కథ వాట్సాప్‌లో ఒక్కోసారి ఒక్కో మహనీయుడి పేరు మీద తిరుగుతుంటుంది కాబట్టి దాన్ని కాసేపు పక్కన పెడదాం. విశ్వేశ్వరయ్య గారు లెక్కలు కట్టి, నేల మీద నిలబెట్టిన పనులు వేరే ఉన్నాయి. పైగా మన పిల్లలు కంప్యూటర్ పీరియడ్‌లో బట్టీ పట్టే బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్, షెడ్యూల్డ్ టాస్క్ అనే మాటలు ఆ పనుల పక్కన పెట్టి చూస్తే ఇట్టే అర్థమవుతాయి.

ముందు ఆ మాటల సంగతి. మీ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు టైపు చేస్తోందనుకోండి. తెర మీద కనిపించేది ఆ ఒక్క పనే. లోపల మాత్రం వైఫైని పట్టి ఉంచేది ఒకటి, గడియారాన్ని సరిచూసేది ఒకటి, ప్రింటర్‌కు వెళ్లే కాగితాలను వరుసలో పెట్టేది ఒకటి, వైరస్ కోసం కాపు కాసేది ఒకటి, ఇలా పదుల కొద్దీ పనులు నడుస్తూనే ఉంటాయి. మనం వాటిని తెరవం, మూయం. ఎవరూ పిలవకుండా లేస్తాయి, ఎవరూ చూడకపోయినా చేసుకుపోతాయి. విండోస్‌లో వీటిని సర్వీసులంటారు, యూనిక్స్, లినక్స్ వాళ్లు డీమన్లంటారు. రాత్రి రెండు గంటలకు బ్యాకప్, ఆదివారం ఆదివారం స్కాన్ లాంటివి షెడ్యూల్డ్ టాస్కులు. వీటన్నిటికీ పెద్ద ఆపరేటింగ్ సిస్టమే. ఎవరిని ఎప్పుడు లేపాలి, ఎప్పుడు ఆపాలి, ఎవరి వంతు ఎంత, పడిపోయినవాడిని ఎన్నిసార్లు లేవదీయాలి అన్నది దాని పెద్దరికం. కంప్యూటర్ పుట్టకముందే, ఈ ప్రశ్నలన్నీ నీళ్ల విషయంలో ఒక ఇంజనీరుకు ఎదురయ్యాయి.

ఆయన ఇంటిపేరు మనకు దగ్గరి ఊరిదే. అహోబిలం వెళ్లినవాళ్లకు ఎగువ సన్నిధి వెనక కొండ మీద కొండగా సాగిపోయే నల్లమల తెలుసు. నంద్యాల నుంచి గిద్దలూరు రోడ్డు పట్టుకుని ఆ అడవి దాటితే, కంభం చెరువు ఉన్న సీమలో, బేస్తవారిపేట దగ్గర మోక్షగుండం అనే పల్లె ఉంది. వాళ్ల పెద్దలు కొన్ని తరాల కిందట అక్కడి నుంచి మైసూరు సంస్థానానికి వలస వెళ్లి, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో స్థిరపడ్డారు. ఊరు మారినా ఇంటిపేరు మారలేదు, ఇంట్లో తెలుగూ పోలేదు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఏడు కొన్ని పుస్తకాల్లో 1860, ఎక్కువ పుస్తకాల్లో 1861 అని ఉంటుంది. తేదీ విషయంలో మాత్రం తేడా లేదు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో మేనమామ అండన, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ అయ్యారు. మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పూనా వెళ్లి 1883లో ఇంజనీరింగ్ పరీక్షలో మొదటివారిగా వచ్చారు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. ఖాందేశ్‌లో వాగు అడుగున సైఫన్ వేయించడం, సింధులోని సుక్కూరుకు తాగునీరు ఇవ్వడం లాంటి పనులతో పదేళ్లు దాటిపోయాయి. మన కథ అసలు మొదలయ్యేది పూనా దగ్గర.

పూనాకు నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా చెరువును అప్పట్లో ఫైఫ్ సరస్సు అనేవారు. రాతి కట్ట గట్టిదే. అయితే వానాకాలంలో నిండగానే మిగులు నీరు కలుజు మీదుగా పొర్లి పోయేది, ఎండాకాలానికి ఊరికి కరువు. కట్ట ఎత్తు పెంచాలంటే ఖర్చు, ప్రమాదం. కలుజు మీద మామూలు గేట్లు పెడితే ఇంకో చిక్కు. అర్ధరాత్రి వరద వస్తే ఎత్తేదెవరు? మన పల్లెల్లో చెరువు తూము చూడటానికి నీరుగంటి ఉండేవాడు. ఎంత నమ్మకస్తుడైనా అతనికీ నిద్ర వస్తుంది, జ్వరం వస్తుంది, పక్క ఊళ్లో పెళ్లి ఉంటుంది. అతను గేటు దించి ఉంచిన రాత్రే వరద ముంచుకొస్తే కట్ట పోతుంది. భయపడి ఎప్పుడూ ఎత్తే ఉంచితే నీళ్లు పోతాయి.

విశ్వేశ్వరయ్య గారు మనిషి మీద ఆధారపడని గేటు గీశారు. గేటు బరువుకు సరిపడా ఎదురు బరువు కట్టి, రెంటినీ తక్కెడలా తూగేలా ఉంచారు. చెరువులో మట్టం నిర్ణయించిన గీత దాటితే, పొర్లిన నీరే ఆ తూకాన్ని మార్చి గేటు తెరుస్తుంది. మట్టం దిగితే తూకం మళ్లీ మొదటికి వచ్చి గేటు తనంతట తనే మూసుకుంటుంది. ఏ నీటిని ఆపాలో ఆ నీటి చేతే కాపలా కాయించడం అన్నమాట. 1903లో దీనికి పేటెంట్ వచ్చింది. ఖడక్‌వాస్లాలో కట్ట పెంచకుండానే సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా ఆనకట్టలోనూ, మైసూరు కృష్ణరాజసాగరంలోనూ ఇదే పద్ధతి వాడారు.

కంప్యూటర్లో సర్వీసు చేసేది ఇదే. ప్రింటర్ సర్వీసు క్షణక్షణమూ లేచి కాగితం వచ్చిందా అని అడుగుతూ కూర్చుంటే కంప్యూటర్ శక్తి అంతా అడగడానికే సరిపోతుంది. అందుకే మంచి సర్వీసు నిద్రపోతూ ఉంటుంది. కాగితం వచ్చినప్పుడు, యూఎస్‌బీ గుచ్చినప్పుడు, నెట్ కలిసినప్పుడు, ఆ సంఘటనే దాన్ని తట్టి లేపేలా ఆపరేటింగ్ సిస్టమ్ ఏర్పాటు చేస్తుంది. పని అయ్యాక మళ్లీ నిద్ర. పిల్లలు రాసే ప్రోగ్రాముల్లో ఈ నిద్ర ఉండదు. ఒక లూప్ పెట్టి అదే పనిగా అడుగుతూ ఉంటారు, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది. మన కంప్యూటర్ ల్యాబుల్లో తరచూ కనిపించే తప్పు ఇదేనని టీచర్లంటారు.

గేటు సంగతి నీటికీ యంత్రానికీ మధ్యది. తర్వాతి పని మనుషుల మధ్యది, అందువల్ల చాలా కష్టమైనది.

పూనా జిల్లాలో నీరా కాలువ కింద సాగు చిత్రంగా ఉండేది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు చెరకు వేసి కావలసినంత నీళ్లు పెట్టుకునేవారు. ఒకే చోట నీరు నిలిచి నేలలు చవిటి బారేవి, దోమలు చేరి ఊళ్లకు జ్వరాలు పట్టేవి. చివరన ఉన్న గ్రామాలకు మాత్రం కాలువ ఉన్నా నీళ్లు రావు. ఈ మాట నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తల్లిదండ్రులకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. మన కేసీ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం తీసుకుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పారుతుంది. ఇంత పొడుగు కాలువలో పై మడి రైతుకూ కింది మడి రైతుకూ మధ్య ఎన్ని రాత్రుల జాగారాలు, ఎన్ని పంచాయితీలు నడిచాయో తాతలను అడిగితే చెబుతారు. తూము దగ్గర గడ్డపారతో పడుకున్నవాడిదే పంట.

1899 నుంచి విశ్వేశ్వరయ్య గారు దీనికి బ్లాకు పద్ధతి అని ఒక ఏర్పాటు తయారు చేశారు. నీళ్లు ఇష్టం వచ్చిన చోటికి కాకుండా, ఒక్కో ఊరికి కొంత నేలను బ్లాకుగా గుర్తించి దానికే ఇవ్వాలి. బ్లాకులో మూడో వంతుకు ఒక ఏడు చెరకు, మిగతాదానికి వరి, తక్కువ నీటి పంటలు. మరుసటి ఏడు చెరకు పక్క భాగానికి జరుగుతుంది. మూడేళ్లకు అందరి నేలా ఒక చుట్టు తిరిగి వస్తుంది. అంతవరకూ కొద్ది ఊళ్లు తాగేసిన నీరు ఎక్కువ ఊళ్లకు పంచబడుతుంది. నేలకూ ఆరుదల దొరుకుతుంది.

రైతులు ఒప్పుకోలేదు. పూనా పత్రికలు వ్యతిరేకంగా రాశాయి. ఇందులో రైతుల తప్పేమీ లేదనిపిస్తుంది నాకు. తరతరాలుగా తూము దగ్గర చోటు ఉన్నవాడికి, రేపటి నుంచి నీకూ వంతే అంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఎక్కడో ఆఫీసులో గీసిన పట్టిక తన పొలాన్ని ఏలడం ఎవరికి నచ్చుతుంది? విశ్వేశ్వరయ్య గారు రైతులను కూర్చోబెట్టి లెక్కలు చెప్పి, వాదనలు విని, కొద్దికొద్దిగా అమలు చేసుకుంటూ వచ్చారు. 1901లో ఏర్పడిన భారత నీటిపారుదల కమిషన్ ముందు కూడా ఈ పద్ధతిని వివరించారు.

ఆపరేటింగ్ సిస్టమ్ పుస్తకాల్లో స్టార్వేషన్ అని ఒక అధ్యాయం ఉంటుంది. అంటే ఆకలి చావు. పెద్ద ప్రాధాన్యమున్న పనులు వస్తూనే ఉంటే, చిన్న ప్రాధాన్యమున్న పని వరుసలో నిలబడే ఉంటుంది గానీ దాని వంతు ఎప్పటికీ రాదు. కాలువ చివరి రైతు పరిస్థితి అచ్చంగా ఇదే. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మందులు కూడా మనకు కొత్తవి కావు. ప్రతివాడికీ కొద్ది కాలం ఇచ్చి తర్వాతివాడికి జరగడం ఒకటి. ఎక్కువసేపు ఎదురుచూసినవాడి ప్రాధాన్యాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం ఇంకొకటి.

మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను 2015 నుంచి ఒక బ్లాకు పద్ధతిని నడుపుతోంది. అంతకుముందు ప్రతి యాప్ తన ఇష్టం వచ్చినప్పుడు ఫోనును లేపి నెట్ వాడుకునేది. సాయంత్రానికి బ్యాటరీ అయిపోయేది. ఆ ఏడు వచ్చిన ఆండ్రాయిడ్ 6లో డోజ్ అనే ఏర్పాటు చేశారు. ఛార్జర్ లేకుండా, తెర ఆపి, కదలకుండా ఫోను పక్కన పెడితే యాప్‌ల పనులను ఆపి ఉంచుతుంది. అప్పుడప్పుడు కొద్ది నిమిషాల సందు ఇస్తుంది. అందరూ ఆ సందులోనే పనులు ముగించుకోవాలి. అలారం, ఫోన్ కాల్ లాంటి తప్పనివాటికి మినహాయింపు. బడి యాప్‌లో హోమ్‌వర్క్ నోటిఫికేషన్ కొన్నిసార్లు ఆలస్యంగా వస్తోందని ఫోన్లు చేసే తల్లిదండ్రులున్నారు. యాప్ చెడిపోయిందనుకోకండి. వంతు రాలేదేమో, సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద ఆ యాప్‌కు ఏ అనుమతి ఉందో ఒకసారి చూడండి.

వంతు కాలాన్ని బట్టి కూడా ఉంటుంది. యూనిక్స్‌లో క్రాన్ అనే చిన్న డీమన్ ప్రతి నిమిషం లేచి తన పట్టిక చూసుకుంటుంది. పట్టికలో నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గళ్లు, ఆ పక్కన చేయవలసిన పని. మన పంచాంగంలో తిథి, వారం, నక్షత్రం చూసి పని పెట్టుకున్నట్టే ఉంటుంది. అయితే రెండు గంటలకు బ్యాకప్ రాసి ఉండగా ఆ వేళకు కంప్యూటర్ ఆపేసి ఉంటే? పాత క్రాన్ ఆ వంతును మరిచిపోతుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో తప్పిన పనిని వీలైనంత త్వరగా చేయమనే గడి ఒకటి ఉంది. దాన్ని టిక్ చేయాలి. పదో తరగతి పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు పోయి ఏడ్చే ఇళ్లలో చాలాసార్లు బ్యాకప్ పెట్టే ఉంటారు, ఈ గడి ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని టాస్క్ షెడ్యూలర్ తెరిచి చూడండి. ఏదీ చెరపకుండా, చదవండి చాలు. మీరెప్పుడూ పెట్టని పనులు అందులో ఎన్ని ఉన్నాయో చూసి పిల్లలు నోరు వెళ్లబెడతారు.

మళ్లీ ఆయన దగ్గరికి వద్దాం. బొంబాయి ప్రభుత్వంలో పై పదవులు ఆంగ్లేయులకే దక్కే రోజులవి. 1908లో ఆయన ఆ కొలువు వదులుకుని విదేశాలు చూడటానికి వెళ్లారు. అదే ఏడు సెప్టెంబర్ 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేల మంది పోయారు, వేల ఇళ్లు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును చూపిస్తారు. పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్య గారికి నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. 1909లో హైదరాబాదు చేరారు.

ఆయన మొదట చేసిన పని నదిని తిట్టడం కాదు, ఎగువన ఏం జరిగిందో వాన లెక్కలు, చెరువుల లెక్కలు తీయించడం. హైదరాబాదుకు పైన మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో వందల చెరువులున్నాయి. ఆ రెండు రోజుల్లో వాటిలో 200 పైచిలుకు తెగాయి. పై చెరువు తెగితే దాని నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. అలా ఒకదాని బరువు ఇంకొకదాని మీద పడుతూ, చివరకు అన్నీ కలిసి నగరం మీద పడ్డాయి. ఒక్కో చెరువూ తన మటుకు సరిగ్గానే కట్టి ఉండవచ్చు. పక్కదాని కూలుడును తట్టుకోవాలని మాత్రం ఎవరూ లెక్క వేయలేదు.

కంప్యూటర్ సర్వీసులు కూడా గొలుసుకట్టు చెరువుల్లాంటివే. ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ దేని తర్వాత దేన్ని లేపాలో జాబితా పెట్టుకుంటుంది. నెట్ రాకముందే నెట్ మీద ఆధారపడే పనిని లేపదు. ఏదైనా సర్వీసు కూలితే మళ్లీ లేపుతుంది, కానీ అదే పనిగా లేపదు. విండోస్‌లో మొదటిసారి కూలితే ఏం చేయాలి, రెండోసారి కూలితే ఏం చేయాలి, ఆ తర్వాత ఏం చేయాలి అని విడివిడిగా రాసిపెట్టే వీలుంది. లినక్స్‌లో సిస్టమ్‌డీ అనే పెద్ద, వేరే ఏమీ చెప్పకపోతే, పది సెకన్లలో ఐదుసార్లు లేపి చూసి ఇక ఊరుకుంటుంది. పదేపదే కూలేదాన్ని పదేపదే లేపితే మిగతావాటికి చోటు ఉండదు. కూలిన ప్రతిసారీ లాగ్‌లో ఒక వరుస రాస్తుంది. తర్వాత వచ్చే ఇంజనీరు మొదట తెరిచేది ఆ లాగ్‌నే, 1909లో విశ్వేశ్వరయ్య గారు వాన లెక్కలు తెప్పించుకున్నట్టు.

నగరానికి ఎగువన రెండు నదుల మీదా పెద్ద జలాశయాలు కట్టి, వరద నీటిని అక్కడ పట్టి నెమ్మదిగా వదలాలని ఆయన నివేదిక ఇచ్చారు. అలాంటి జలాశయంలో ఒక ఇబ్బంది ఉంటుంది. తాగునీటి కోసమైతే నిండుగా ఉంచాలి, వరద కోసమైతే కొంత ఖాళీగా ఉంచాలి. ఎప్పుడు ఎంత ఖాళీ అన్నది ముందే రాసుకోవలసిన నియమం. వరద వచ్చాక ఆలోచించేది కాదు. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నిండటం చూసేదాకా ఆయన అక్కడ లేరు. 1909 చివర్లోనే మైసూరు ప్రభుత్వం చీఫ్ ఇంజనీరుగా పిలుచుకుంది.

మైసూరులో ఆయన చేసిన పనులు పుస్తకాల్లో చాలా ఉన్నాయి. 1912 నుంచి 1918 దాకా దివాను. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, ఇంకా భద్రావతి ఇనుము. వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వడంపై మహారాజుతో అభిప్రాయం కలవక దివాన్‌గిరీ వదిలేశారు. అర్హతను మాత్రమే చూడాలన్నది ఆయన పట్టు. నీటిలో చివరి రైతుకు వంతు వేసిన మనిషి ఉద్యోగాల్లో ఆ వంతు అవసరాన్ని చూడలేకపోయారేమో అని ఈనాటి చదువరికి అనిపించడం సహజం. ఆయనను పూజించేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. పిల్లలకు చెప్పేటప్పుడు దాటేయనక్కర్లేదని నా అభిప్రాయం.

కావేరి మీద కన్నంబాడి దగ్గర కృష్ణరాజసాగరం పని 1911లో మొదలైంది. దశాబ్దాలు పట్టింది. అక్కడా తన గేట్లు, దాని కింద మండ్య వైపు పారే కాలువలో తన బ్లాకు పద్ధతి. 1955లో భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక, కన్నుమూశారు. ముద్దేనహళ్లిలోనే ఆయన సమాధి ఉంది.

ఆ మరుసటి ఏడు, 1963లో, అమెరికాలో ఎంఐటీలో ప్రాజెక్ట్ మ్యాక్ అనే బృందం ఐబీఎం 7094 కంప్యూటర్ మీద, తెర వెనక ఎడతెగకుండా పని చేసే ప్రోగ్రాములకు పేరు వెతుక్కుంది. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన ఒక బుల్లి భూతం ఉంది. పెట్టెలో రెండు అరల మధ్య తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే అణువులను ఒక వైపుకు, మెల్లగా వచ్చేవాటిని ఇంకో వైపుకు పంపుతుంటుంది. దాని పేరే డీమన్‌గా ఈ ప్రోగ్రాములకు పెట్టుకున్నారు. తలుపు దగ్గర కాపు కాస్తూ, ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో తనే చూసుకునే జీవి అది. ఖడక్‌వాస్లాలో అప్పటికి అరవై ఏళ్ల కిందటే అలాంటి తలుపులు నిలబెట్టారు.

మండ్యలో ఆ కాలువకు మొదట వైస్రాయి ఇర్విన్ పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని విశ్వేశ్వరయ్య కాలువ అంటారు.